తాళం పడకముందే మూతపడే మ్యూజియాలు

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రం 1994లో ట్రైసెరటాప్స్‌ను తన రాష్ట్ర డైనోసార్‌గా ప్రకటించుకుంది. రాక్షసిబల్లుల ఎముకలకు అంత పేరున్న నేల అది. ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయం లారమీ పట్టణంలో 1887 నుంచి నడుపుతున్న భూగర్భశాస్త్ర మ్యూజియానికి 2009 జూన్ 30న తాళం వేసింది. లోపల 75 అడుగుల అపాటోసార్ అస్థిపంజరం, గుమ్మం బయట రాగి రేకులు తొడిగిన టైరనోసార్ బొమ్మ అలాగే ఉండిపోయాయి. బొగ్గు, సహజవాయువుల మీద వచ్చే రాబడి పడిపోయి రాష్ట్రం చేయి బిగించింది. విశ్వవిద్యాలయం తన ఖర్చులో 1.83 కోట్ల డాలర్లు తగ్గించుకోవాల్సి వచ్చింది. కోతల జాబితాలో మ్యూజియం ఒక చిన్న పద్దు. ఊరివాళ్లూ శాస్త్రజ్ఞులూ గొడవ చేయగా, దాతలు ముందుకు రాగా, కొన్ని నెలల్లోనే రోజుకు కొద్ది గంటల లెక్కన తలుపులు తెరిచారు. మరమ్మతుల తర్వాత 2013లో మ్యూజియం మళ్లీ ప్రజల ముందుకొచ్చింది. పైకి చూస్తే ఇది సుఖాంతమే. అయితే 2009లో తలుపులతో పాటు, ఏళ్ల తరబడి ఆ సేకరణను కనిపెట్టుకుని ఉన్న క్యూరేటర్ ఉద్యోగం కూడా పోయింది. తలుపులు తెరవడానికి చందాలు సరిపోయాయి. ఏ ఎముక ఏ గుట్ట మీద ఏ పొరలో దొరికిందో ఎరిగిన మనిషిని చందాలతో తెచ్చుకోవడం అంత తేలిక కాదు.

మ్యూజియం అనగానే మన కళ్లముందు మెదిలేది ముందు హాలు. గాజు అలమరాలు, తోలు కుట్టి నిలబెట్టిన పులి, పైకప్పు నుంచి వేలాడే తిమింగలం ఎముకలు, చేతులు పట్టుకుని వరసలో నడిచే బడిపిల్లలు. ఆ హాలు వెనక, సందర్శకులు అడుగుపెట్టని గదుల్లో అసలు సొత్తు ఉంటుంది. సొరుగుల్లో పక్షుల చర్మాలు, స్పిరిట్ సీసాల్లో చేపలు, కాగితాలకు అతికించిన ఎండు మొక్కలు, సూదులకు గుచ్చిన పురుగులు. ప్రతిదానికీ ఒక చిన్న చీటీ: ఎక్కడ దొరికింది, ఏ రోజున, ఎవరి చేతికి. 28 దేశాల్లోని 73 పెద్ద మ్యూజియాలను కలిపి చేసిన ఒక సర్వే 2023లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఆ మ్యూజియాల్లో ఇలాంటి వస్తువులు 110 కోట్లకు పైగా ఉన్నాయనీ, వాటిని చూసుకునే శాస్త్ర సిబ్బంది దాదాపు 4,500 మంది అనీ అది లెక్క తేల్చింది. అంటే తలకు రెండున్నర లక్షల వస్తువులన్న మాట. బడ్జెట్ కోతల గురించి జరిగే చర్చంతా ముందు హాలు చుట్టూనే తిరుగుతుంది. ఎంతమంది వచ్చారు, టికెట్ల మీద ఎంత వచ్చింది, కరెంటు బిల్లు ఎంతయింది అని. నష్టం మాత్రం వెనక గదిలో జరుగుతుంది. మూసివేతను ఆదాగా చూపించగలుగుతున్నారంటే, ఆ వెనక గది పద్దుల పుస్తకంలో ఎక్కడా లేకపోవడం వల్లే. దాన్ని లెక్కలోకి తెస్తే చాలా ఆదాలు అప్పులుగా తేలతాయి.

మూసివేత అన్నిచోట్లా ఒకే రూపంలో రాదు. లారమీలో వచ్చింది నేరుగా తాళం రూపంలో. రెండో రూపం ఇల్లు ఖాళీ చేయించడం. 2017 మార్చిలో మన్రోలోని లూసియానా విశ్వవిద్యాలయం తన ప్రకృతి చరిత్ర మ్యూజియానికి ఒక కబురు పంపింది. సుమారు 60 లక్షల చేపల నమూనాలు, 5 లక్షలకు దగ్గరగా ఎండు మొక్కలు ఉన్న సేకరణ అది. క్యాంపస్‌లోనే మరో చోటు వెతుక్కోవడానికి 48 గంటలు. దొరక్కపోతే జూలైలోగా బయటివారికి ఇచ్చేయాలి. ఎవరూ తీసుకోకపోతే నాశనం చేస్తాం. వాటిని దాచిన స్టేడియం దగ్గర పరుగుపందేల ట్రాక్‌ను విస్తరించాల్సి రావడం ఈ తొందరకు కారణం. అర్ధ శతాబ్దానికి పైగా వాగులూ చెరువులూ గాలించి పోగేసిన చేపలకు ఇచ్చిన గడువు అద్దె ఇంటివాడికి ఇచ్చేదానికన్నా తక్కువ. చివరికి మొక్కలు టెక్సస్‌లోని ఒక వృక్షశాస్త్ర సంస్థకు చేరి బతికిపోయాయి. ఇది పేద విశ్వవిద్యాలయాల బాధ మాత్రమే అనుకోవడానికి వీల్లేదు. 2024 ఫిబ్రవరిలో డ్యూక్ విశ్వవిద్యాలయం 8,25,000 నమూనాలున్న తన హెర్బేరియాన్ని (ఎండు మొక్కల సేకరణను) వదిలించుకుంటామని ప్రకటించింది. ఆ విశ్వవిద్యాలయపు శాశ్వత నిధి 1,100 కోట్ల డాలర్ల పైచిలుకు. వందేళ్ల హెర్బేరియానికి కావలసిన కొత్త వసతుల ఖర్చు తమ ప్రాధాన్యాల్లో లేదని తేల్చుకున్నారు. కాబట్టి డబ్బు లేదన్న మాట విన్నప్పుడల్లా, డబ్బే లేదా, దీనికి లేదా అని అడగడం న్యాయం.

మూడో రూపానికి ప్రకటన ఉండదు, నిరసనా ఉండదు. తలుపులు తెరిచే ఉంటాయి, పిల్లలు వస్తూనే ఉంటారు, వెనక గదిలో మనుషులు తగ్గిపోతారు. 2015లో ‘నేచర్’ పత్రిక ఇచ్చిన లెక్కల ప్రకారం షికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో 2001లో 39 మంది క్యూరేటర్లుంటే అప్పటికి 21 మంది మిగిలారు. చేపల విభాగానికి క్యూరేటరే లేరు. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో 1993లో 122గా ఉన్న సంఖ్య 81కి దిగింది. ఎవరినీ గెంటేయక్కర్లేదు. ఒకరు పదవీ విరమణ చేస్తే ఆ కుర్చీ నింపకుండా వదిలేస్తే చాలు. చూసేవాళ్లు లేని సేకరణ గతి ఏమవుతుందో పాత బట్టల పెట్టె తెరిచిన ఎవరికైనా తెలుసు. మనం కలరా ఉండలు వేసి చీరలను కాపాడుకునేది ఏ జాతి పురుగుల నుంచో, పక్షి చర్మాలనూ బొచ్చునూ తినేవీ అలాంటివే. సీసా మూత కాస్త వదులైతే స్పిరిట్ ఆవిరైపోయి చేప ఎండి ముడుచుకుపోతుంది. తేమకు చీటీ మీది సిరా చెదిరితే నమూనా ఊరూ పేరూ లేని కళేబరంగా మిగులుతుంది. ఏటా సీసాలు తిప్పి చూసి, స్పిరిట్ నింపి, సొరుగులు తెరిచి పురుగు పట్టిందేమో వెతికే పని ఎవరికీ కనిపించదు. కనిపించని పనికే ముందుగా కోత పడుతుంది. ఆ పనికి బయటినుంచి వచ్చే సాయం కూడా నిలకడ లేనిదే. అమెరికా జాతీయ విజ్ఞాన ఫౌండేషన్ 2016లో జీవశాస్త్ర సేకరణల సంరక్షణకిచ్చే గ్రాంట్లను ఆపేసి, గగ్గోలు పుట్టాక పునరుద్ధరించింది. 2025 మార్చిలో వచ్చిన అధ్యక్ష ఆదేశం, మ్యూజియాలకూ లైబ్రరీలకూ నిధులిచ్చే సమాఖ్య సంస్థనే చట్టం అనుమతించే కనీస స్థాయికి కుదించమంది.

నాలుగో రూపం మంట. బ్రెజిల్ జాతీయ మ్యూజియం 1818లో పుట్టింది. ఒకప్పుడు చక్రవర్తులు నివసించిన రియో డి జనీరో రాజభవనంలో, సుమారు రెండు కోట్ల వస్తువులతో, ఆ దేశంలోకెల్లా పాత శాస్త్ర సంస్థగా పేరు తెచ్చుకుంది. 2018 జూన్‌లో రెండువందల ఏళ్ల పండుగ చేసుకుంది. సెప్టెంబరు 2, ఆదివారం రాత్రి, సందర్శకులు వెళ్లిపోయాక అంటుకుంది. ఆడిటోరియంలోని ఎయిర్ కండిషనర్ దగ్గర మంట మొదలైందని పోలీసుల దర్యాప్తు తర్వాత తేల్చింది. అగ్నిమాపక దళం వచ్చేసరికి దగ్గరి హైడ్రంట్లలో నీళ్లు లేవు. ట్యాంకర్ల కోసం చూడాల్సి వచ్చింది, పక్కనున్న చెరువు నుంచి తోడాల్సి వచ్చింది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమంటే అదే. దాదాపు 50 లక్షల పురుగుల నమూనాలు బూడిదయ్యాయి. మాట్లాడేవాళ్లు ఒక్కరూ మిగలని ఆదివాసీ భాషల రికార్డింగులు పోయాయి. దక్షిణ అమెరికాలో దొరికిన అతి పురాతన మానవ అవశేషాల్లో ఒకటైన ‘లూజియా’ పుర్రె ముక్కలైంది. వారాల తరబడి బూడిద జల్లించి చాలా ముక్కలను ఏరారు. అయిదు టన్నుల బెండెగో ఉల్క మాత్రం ఉన్నచోటనే చెక్కుచెదరకుండా నిలిచింది. ఆకాశంలో మండి వచ్చిన రాయి కాబట్టి నిలిచింది. సీతాకోకచిలుక రెక్కకు ఆ ధైర్యం లేదు.

ఆ మంట ఒక్క రాత్రిలో పుట్టింది కాదు. మ్యూజియానికి జీతాలు కాక నిర్వహణ కోసం ఏటా అందాల్సింది 5,50,000 రియాల్‌లు. 2014 నుంచి ఏ ఏడాదీ అది పూర్తిగా అందలేదు. ప్రదర్శనలోని ఒక డైనోసార్ కింది పీఠాన్ని చెదలు తినేస్తే, బాగుచేయించడానికి ప్రజల దగ్గర చందాలు పట్టారు. మంటల నివారణతో సహా మరమ్మతులకు 2.17 కోట్ల రియాల్‌ల ఒప్పందం ప్రభుత్వ అభివృద్ధి బ్యాంకుతో 2018 జూన్‌లో కుదిరింది. ఆ డబ్బు చేతికి రాకముందే మంట వచ్చింది. తర్వాత పునర్నిర్మాణానికి వేసిన అంచనా 50 కోట్ల రియాల్‌లు దాటింది. అంటే ముందే పెట్టాల్సిన మరమ్మతు ఖర్చుకు ఇరవై రెట్లకు పైగా. ఆ 50 కోట్లతో గోడలు లేస్తాయి, పురుగులు తిరిగి రావు. ఇందులో ఇంకొక పాఠం ఉంది. అంతకుముందే వేరే భవనాల్లోకి మార్చిన వెన్నెముక జీవుల సేకరణ, హెర్బేరియం బతికాయి. విడిగా, కాస్త భద్రంగా ఉంచినవి దక్కాయి. మన దేశానికీ ఇలాంటి రాత్రి ఒకటి ఉంది. ఢిల్లీ మండీ హౌస్ దగ్గర ఫిక్కీ భవనంలో 1978 జూన్ 5న తెరిచిన జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం 2016 ఏప్రిల్ 26న కాలిపోయింది. దాదాపు నాలుగు దశాబ్దాల పాటు దానికి సొంత కప్పు లేదు. ఆ భవనంలోని మంటలార్పే ఏర్పాట్లు పనిచేయలేదని అగ్నిమాపక అధికారులే చెప్పారు.

ఇంతకీ పోయినవాటి వల్ల ఉపయోగమేమిటన్న ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పాలి. బ్రిటన్‌లో డేగల సంఖ్య ఎందుకు పడిపోతోందో 1960ల్లో పూర్తిగా అంతుబట్టలేదు. డెరెక్ రాట్‌క్లిఫ్ అనే శాస్త్రజ్ఞుడు మ్యూజియాల్లో, ప్రైవేటు సేకరణల్లో ఉన్న పాత గుడ్ల పెంకులను తూచి కొలిచాడు. 1940ల చివర్నుంచి, అంటే డీడీటీ అనే పురుగుమందు వాడకం పెరిగిన కాలం నుంచి, పెంకులు పలచబడ్డాయని 1967లో చూపించాడు. తల్లి పొదగడానికి కూర్చుంటే గుడ్లు పగిలిపోతున్నాయి. డీడీటీ మీద నిషేధాలకు దారి తీసిన సాక్ష్యాల్లో అది ముఖ్యమైనది. ఆ గుడ్లను ఏరినవాళ్లు పురుగుమందుల గురించి కలలో కూడా అనుకోలేదు. చాలామందికి అదొక సరదా. అయితే అవి తేదీ రాసిన గుడ్లు. వర్తమానంలో ఎంత ఖర్చుపెట్టినా డీడీటీకి ముందునాటి గుడ్డు ఒక్కటి కూడా కొత్తగా దొరకదు. ప్రకృతి చరిత్ర మ్యూజియానికీ మిగతా శాస్త్ర సంస్థలకూ ఉన్న తేడా ఇదే. ప్రయోగశాలలో యంత్రం పాడైతే మరొకటి కొనుక్కోవచ్చు. గడిచిన కాలాన్ని కొనలేం.

ఇలాంటి ఉదాహరణలు చాలా ఉన్నాయి. 1993లో అమెరికా నైరుతి ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్న యువకులు ఊపిరితిత్తుల్లో నీరు చేరి చనిపోవడం మొదలైంది. అడవి ఎలుకల ద్వారా పాకే హాంటా వైరస్ దానికి కారణమని తేలింది. ఎవరో ప్రయోగశాలలో పుట్టించి వదిలారన్న పుకారు లేచింది. న్యూమెక్సికో విశ్వవిద్యాలయ మ్యూజియంలో అంతకు ఏళ్ల ముందే సేకరించి గడ్డకట్టించి దాచిన ఎలుకల కణజాలాన్ని పరీక్షిస్తే వైరస్ అందులోనూ ఉంది. అది కొత్తగా వచ్చింది కాదని రుజువైంది. ఐర్లండ్‌లో 1840ల కరువుకు కారణమైన బంగాళాదుంప తెగులు ఏ రకానిదో 2013లో తేల్చింది హెర్బేరియాల్లో మిగిలిన ఎండుటాకులు. 2017లో ఇద్దరు యువ పరిశోధకులు ఫీల్డ్ మ్యూజియం తదితర చోట్ల 135 ఏళ్ల కాలంలో పోగైన 1,300కు పైగా పక్షుల పొట్ట ఈకలను ఫొటోలు తీశారు. ఒకే జాతి పిట్ట 1900ల తొలినాళ్లలో బొగ్గు పట్టి నల్లగా, ఇటీవలి దశాబ్దాల్లో తెల్లగా ఉంది. గాలిలో మసిని కొలిచే పరికరాలు సరిగా లేని కాలానికి పిట్టల ఈకలే కొలమానాలయ్యాయి. పొగ గురించి తెలుసుకుందామని ఆ పిట్టలను ఎవరూ దాచలేదు.

తెలుగు నేలకు సంబంధించిన సాక్ష్యాలు కూడా ఇలాంటి సొరుగుల్లోనే ఉన్నాయి. అనంతపురం జిల్లా గుత్తి రైల్వే కలప డిపోలో 1899లో నీలిరంగు సాలీడు ఒకటి దొరికింది. లండన్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో పనిచేసే పోకాక్ ఆ ఒక్క నమూనాను చూసి దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. తర్వాత శాస్త్రజ్ఞుల కంట అది మళ్లీ పడింది 2001లో, నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. నూరేళ్లపైగా అలాంటి జీవి ఉందనడానికి ఆధారం ఒక సీసాలోని ఒక్క సాలీడే. కలివి కోడి కథ ఇంకా విచిత్రం. 1900 తర్వాత అంతరించిందనుకున్న ఆ పక్షి 1986 జనవరిలో కడప జిల్లా లంకమల అడవుల దాపున మళ్లీ కనిపించింది. అప్పటికీ దాని గుడ్డు ఎలా ఉంటుందో శాస్త్రానికి తెలియదు. స్కాట్లండ్‌లోని అబెర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియం సేకరణలో ఒక గుడ్డు ఉంది. 1917లో కోలారు బంగారు గనుల దగ్గర పనిచేసిన ఒక పశువైద్యుడు సేకరించినది. అది చేతులు మారి మారి అక్కడికి చేరింది. లండన్ మ్యూజియంలో భద్రపరిచిన పాత కలివి కోడి చర్మంతో డీఎన్ఏ పోల్చి చూసి, అది కలివి కోడి గుడ్డేనని 2013లో ప్రకటించారు. రెండు మ్యూజియాలు ఉంటేనే ఆ జవాబు దొరికింది. ఒకచోట గుడ్డు, మరోచోట పోల్చుకోవడానికి చర్మం. ఏ ఒక్కదాన్ని మూసినా రెండోది మూగదే.

ఆ గుడ్డును 1917 నుంచి ఏ సంవత్సరంలోనైనా ఒక ఆడిటర్ ముందు పెట్టి దీని విలువెంత అని అడిగితే, సున్నా అనే చెప్పేవాడు. అందులో అతని తప్పేమీ లేదు. నమూనా విలువ అది చేరిన నాడు తెలియదు. ఒక నమూనా దొరికిన నాటి నుంచి కొత్త జాతిగా దాని వర్ణన అచ్చయ్యే నాటికి సగటున 21 ఏళ్లు పడుతోందని 2012లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. మొక్కల విషయంలో నాలుగో వంతు కొత్త జాతుల నమూనాలు 50 ఏళ్లకు పైగా హెర్బేరియంలో పడి ఉన్నాకే గుర్తింపు పొందాయని 2010 నాటి మరొక పరిశోధన చెప్పింది. అంటే ఇంకా పేరు పెట్టని జాతులు ఎన్నో ఇప్పటికే బీరువాల్లో ఉన్నాయి. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక డోడో పక్షి కళేబరం ఉండేది. పాడైపోయిందని 1755లో తీసేశారు. తల, ఒక పాదం మాత్రం ఎవరో ఉంచారు. 2002లో ఆ మిగిలిన ముక్క నుంచి తీసిన డీఎన్ఏ, డోడో పావురాల కుటుంబానిదనీ, బతికి ఉన్నవాటిలో దాని దగ్గరి చుట్టం మన నికోబార్ పావురమనీ చెప్పింది. డీఎన్ఏ అన్న మాటే పుట్టని కాలంలో మిగిల్చిన ముక్క అది. బడ్జెట్ గడువు ఒక్క సంవత్సరం. నమూనా గడువు రెండు శతాబ్దాలు. మొదటిదాంతో రెండోదాన్ని కొలిస్తే ప్రతిసారీ సున్నాయే వస్తుంది.

ఇక అభ్యంతరాలు. అన్నింటికన్నా బలమైనది: ఆసుపత్రుల్లో మందులు లేనప్పుడు, బడుల్లో పంతుళ్లు లేనప్పుడు చచ్చిన పిట్టలకు డబ్బు తగలేయాలా? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకూడదు. కొత్త హాలు, కదిలే డైనోసార్లు, కాఫీ కొట్టు వాయిదా వేయొచ్చు. కష్టకాలంలో వేయాలి కూడా. ముందు హాలును ఏడాది పాటు మూసి ఉంచినా ప్రపంచం మునిగిపోదు. కానీ ఈ అభ్యంతరం ముందు హాలుకు వర్తించినట్టు వెనక గదికి వర్తించదు. స్పిరిట్ నింపడం, తేమను అదుపులో ఉంచడం, ఒకరిద్దరు మనుషుల జీతం, మంటలార్పే గొట్టంలో నీళ్లు: ఇవి ఏ ప్రభుత్వ ఖజానాకూ లెక్కలోకి రాని మొత్తాలు. వాటిని మిగుల్చుకుని కట్టిన ఆసుపత్రి ఒక్కటీ కనబడదు. పైగా హాంటా వైరస్ ఉదంతం చెప్పేదేమిటంటే ఆసుపత్రికీ ఎలుకల సొరుగుకూ మధ్య గోడ మనం అనుకున్నంత మందం కాదు. కరువు ఏడాదిలో రైతు ఒక పూట పస్తుంటాడు గానీ విత్తనపు వడ్లు దంచుకోడు. ఆ వడ్ల మీద అతనికి ప్రేమ ఎక్కువని కాదు, వచ్చే ఏడాది ఉందని అతనికి గుర్తుంటుంది కాబట్టి.

రెండో మాట: అన్నీ ఫొటోలు తీసి, స్కాన్ చేసి కంప్యూటర్‌లో పెట్టేస్తే సరిపోదా? డిజిటల్ ప్రతులు నిజంగా గొప్ప మేలు చేస్తున్నాయి. మన అడవిలో ఒకప్పుడు సేకరించిన మొక్కను చూడటానికి లండన్ దాకా వెళ్లక్కర్లేకుండా చేస్తున్నాయి. అయితే పైన చెప్పిన 2023 సర్వే ప్రకారమే ఆ 110 కోట్ల వస్తువుల్లో నెట్‌లో వెతికితే దొరికే వివరాలున్నవి 16 శాతం. జన్యు సమాచారం అందుబాటులో ఉన్నవి 0.2 శాతం. అన్నిటికీ ఫొటోలున్నా, ఫొటోలోంచి డీఎన్ఏ రాదు, పెంకు మందం రాదు, ఈకలోని మసి రాదు. 1944 ఏప్రిల్‌లో మ్యూనిక్ మీద పడిన బాంబులకు స్పైనోసార్ అనే భారీ డైనోసార్ మూల నమూనా బూడిదైంది. మిగిలినవి దాన్ని వర్ణించిన స్ట్రోమర్ గీయించిన బొమ్మలు, ఒకటి రెండు ఫొటోలు. ఆ జంతువు నిలుచునే తీరు మీద, ఈదే తీరు మీద వాదనలు నేటికీ ఆగలేదు. రేపటి పరికరం ఏమి అడుగుతుందో ఇవాళ్టి కెమెరాకు తెలియదు. స్కాన్ చేయడం వస్తువును చూసుకోవడానికి తోడు కావాలి; దాన్ని వదిలించుకోవడానికి సాకు కాకూడదు.

మూడోది పాలనా దక్షుల వాదన: చిన్నా చితకా మ్యూజియాలెందుకు, అన్నిటినీ తీసుకెళ్లి రెండు మూడు పెద్దవాటిలో కలిపేస్తే ఖర్చు తగ్గదా? మన్రో మొక్కలు అలా బతికినవే కాబట్టి ఇందులో నిజం ఉంది. మూతపడక తప్పని చోట పద్ధతిగా తరలించడం మంచిదే. అయితే తీసుకునేవారికీ చోటు కావాలి, మనుషులు కావాలి. అక్కడా కోతలు పడుతుంటే ఒక పెంకుటింటి సామాను తెచ్చి కురుస్తున్న మరో ఇంట్లో పడేసినట్టే అవుతుంది. అన్ని గుడ్లనూ ఒకే గంపలో పెట్టడంలోని ప్రమాదాన్ని రియో చూపించనే చూపించింది. ఊరికీ సేకరణకూ మధ్య ఉన్న బంధం తెగిపోవడం ఇంకో నష్టం. ప్రాణహిత–గోదావరి లోయలో పోచంపల్లి దగ్గర (ఇది చీరల పోచంపల్లి కాదు) దొరికిన బరాపాసారస్ అనే డైనోసార్ ఎముకలు కలకత్తాలోని భారత గణాంక సంస్థకు చేరాయి. స్థాపకుడు మహలనోబిస్ చొరవతో ఆ సంస్థ భూగర్భశాస్త్రంలో అడుగుపెట్టడం వల్ల అవి వెలుగు చూశాయి. అందుకు కృతజ్ఞత చెప్పుకోవాలి. అదే లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడింది. తమ జిల్లా మట్టిలోంచి లేచిన జంతువును ఉమ్మడి ఆదిలాబాద్ పిల్లలు ఒక రోజు ప్రయాణంలో చూడగలుగుతున్నారంటే రెండోదాని వల్లే. రెండూ ఉండటం మంచిది. ఒక్కటే చాలనడం పిసినారితనం.

నాలుగో అభ్యంతరం నైతికమైనది. ఈ మ్యూజియాల్లో చాలావాటి పునాది వలసపాలన, తుపాకులతో, పన్నులతో, వెట్టితో పోగేసిన సొత్తు, మూతపడితే ఏడవాల్సిందేముంది? పోగేసిన తీరు గురించి ఈ విమర్శ సరైనదే. కలివి కోడి గుడ్డు స్కాట్లండ్‌లో, గుత్తి సాలీడు లండన్‌లో ఉండటం యాదృచ్ఛికం కాదు. అయితే అన్యాయంగా పోగైన సాక్ష్యాన్ని పాడుచేస్తే అన్యాయాన్ని సరిదిద్దినట్టు కాదు. అడగడానికి వస్తువే ఉండదు. ఉబిరాజారా అనే డైనోసార్ శిలాజం బ్రెజిల్ నుంచి అక్రమంగా జర్మనీ చేరింది. బ్రెజిల్ శాస్త్రజ్ఞులు పట్టుబట్టి పోరాడాక 2023లో తిరిగి ఇచ్చారు. అది రాజధానికి వెళ్లలేదు. ఈశాన్య బ్రెజిల్‌లో శాంటానా దో కరిరి అనే చిన్న పట్టణంలోని శిలాజాల మ్యూజియానికి వెళ్లింది. తిరిగి ఇమ్మని అడిగే దేశానికి తీసుకుని దాచుకునే ఇల్లు ఉండాలి. వలసపాలన మీద కోపమున్నవాళ్లే తమ ఊరి మ్యూజియం మూసివేతకు అందరికన్నా ముందు అడ్డం పడాలి.

చివరిది మార్కెట్ మాట: జనానికి నిజంగా కావాలంటే టికెట్టు కొంటారు, దాతలు ఇస్తారు; ప్రభుత్వం ఎందుకు? దాతలు ఇస్తారు, నిజమే. 1997లో ‘స్యూ’ అనే టైరనోసార్‌ను 83.6 లక్షల డాలర్లకు ఫీల్డ్ మ్యూజియం వేలంలో దక్కించుకుంది. పెద్ద కంపెనీలు సాయం చేశాయి. 2020లో ‘స్టాన్’ అనే మరో టైరనోసార్ 3.18 కోట్లకు, 2024లో ‘ఏపెక్స్’ అనే స్టెగోసార్ 4.46 కోట్ల డాలర్లకు పోయాయి. డబ్బుకు కొదవ లేదు. అది ఎటు పారుతుందన్నదే సమస్య. దాత పేరు చెక్కడానికి డైనోసార్ పక్కన చోటుంటుంది. స్పిరిట్ సీసాల బీరువా మీద పేరు చెక్కించుకునేవాళ్లు అరుదు. మ్యూజియాల తప్పు కూడా ఇక్కడ ఒప్పుకోవాలి. ఫీల్డ్ మ్యూజియం విస్తరణల కోసం సుమారు 17 కోట్ల డాలర్ల బాండ్ల అప్పు ఎత్తింది. ఆ భారం మోయలేక 2012 తర్వాత కోత పెట్టుకుంది పరిశోధనలో. ముందు హాలు కోసం చేసిన అప్పును వెనక గది తీర్చింది. కోతలన్నీ ప్రభుత్వాల పాపమే అనడం అందుకే సగం నిజం. సందర్శకుల సంఖ్యే విజయమని నమ్మిన పాలకమండళ్లూ అందులో భాగస్తులే.

ఇదంతా కలిపి చూస్తే చేయాల్సిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు. మొదటిది పద్దుల విభజన. ప్రదర్శనకు అయ్యే ఖర్చూ సేకరణను బతికించే ఖర్చూ వేర్వేరు పద్దులుగా రాయాలి. మొదటిదాన్ని కాలాన్నిబట్టి తగ్గించుకోవచ్చు, రెండోది ముట్టుకోకూడనిది కావాలి. రెండోది ఖాళీల లెక్క. ఏటా ఎంతమంది వచ్చారో ప్రకటించినట్టే, ఏ సేకరణకు చూసుకునే మనిషి లేడో కూడా ప్రకటించాలి. ప్రకటనే లేని మూసివేతను అందరికీ కనిపించేలా చేసే మార్గం అదొక్కటే. మూడోది గడువు. మూయక తప్పనప్పుడు నమూనాలకు కొత్త ఇల్లు రాతపూర్వకంగా కుదిరాకే తాళం పడాలి. ఆ గడువు గంటల్లో కాక ఏళ్లలో ఉండాలి. నాలుగోది జంట కాపలా. ముఖ్యమైన సేకరణలు ఒకే కప్పు కింద ఉండకూడదు. ప్రదర్శన భవనానికీ దాచే భవనానికీ మధ్య కాస్త ఖాళీ స్థలం, నీళ్లున్న హైడ్రంట్ ఉండాలి. రియోలో మిగిలినవి మిగిలింది ఇంత మామూలు జాగ్రత్త వల్లే.

లారమీలో తలుపులు తెరుచుకున్నాయి, రియోలో గోడలు లేస్తున్నాయి. మ్యూజియం మూతపడింది అన్న వార్త వచ్చినప్పుడు పత్రికలు తాళం ఫొటో వేస్తాయి. తెరిచినప్పుడు రిబ్బన్ ఫొటో వేస్తాయి. ఈ రెండు ఫొటోల్లోనూ లేని ఒక మనిషి ఉంటాడు. వెనక గదిలో ఒక సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, స్పిరిట్ ఎంత తగ్గిందో చూసి, కాస్త నింపి, మూత బిగించి, రిజిస్టరులో తేదీ వేసేవాడు. కోతల జాబితా తయారైనప్పుడు అడగాల్సిన ప్రశ్న మ్యూజియం తెరిచి ఉందా అని కాదు. ఆ రిజిస్టరులో చివరి తేదీ ఏ సంవత్సరానిది అని.